పొద్దుగాల సీపీయూలకెల్లి గర్ర్‌ర్ర్ అని సప్పుడు, షాపాయన ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బ) మార్చాలంటాండు... జర చెప్పుర్రి

మిక్సింగ్_పోరడు_హన్మకొండ

అన్నలు అక్కలు జర సాయం చేయుర్రి. నాది హన్మకొండ, నయీంనగర్ దిక్కు ఒక చిన్న రూమ్‌ల పెళ్ళిళ్ళ వీడియో మిక్సింగ్ చేస్త, ఆల్బమ్ డిజైనింగ్ కూడ. సిస్టం నేనే అసెంబుల్ చేసుకున్న, సామానంత సికింద్రాబాద్ సీటీసీకి పోయి తెచ్చుకొని రెండు రోజులు యూట్యూబ్ చూస్కుంట బిగించిన, మూడేండ్లు కావస్తాంది. 8 కోర్ల ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, విండోస్‌కు ఒక 1 టీబీ ఎన్‌వీఎంఈ (తిరుగుడు లేని చిప్పుల డిస్క్), పెళ్ళిళ్ళ డాటాకు 4 టీబీ హార్డ్ డిస్క్ ఒకటి. ముంగట రెండు ఫ్యాన్లు, ఎన్క ఒకటి. ఇప్పటిదాంక ఒక్కరోజు కూడ తిప్పలు పెట్టలే.

పది పదిహేను రోజుల సంది పొద్దుగాల ఆన్ చేయంగనే గర్ర్‌ర్ర్ అని మొదలైతాంది. మిక్సీ లెక్క పెద్దగ కాదు, ఇసుర్రాయి ఉత్తగ తిప్పితే ఎట్లుంటదో గట్ల. పావుగంట ఉంటది తర్వాత దానంతల అదే బందైతది, మద్యాన్నం ఆన్ చేస్తె అసలు రానే రాదు, మల్ల తెల్లారి షురూ. మా అమ్మ అయితే పక్కర్ర నుంచి లేసొచ్చి ఆ డబ్బ పేల్తదేమోరా బంద్ చెయ్ అంటాంది. ఎక్స్‌పోర్ట్ (మిక్సింగ్ అయినంక ఫైనల్ వీడియో తీసుడు) పెట్టినప్పుడు దోమ లెక్క సన్నగ కీ.... అని ఇంకోటి వస్తది గాని అది కొన్నప్పటి నుంచి ఉన్నదే.

మొన్న షాపుకు తీస్కపోయిన. అక్కడ పెట్టంగనే సప్పుడు రాలే (ఆటోల తీస్కపోయేసరికి పదకొండైంది). ఆయన కవర్ కూడ తియ్యకుంట ఎస్‌ఎంపీఎస్ పోయింది తమ్మీ, నాలుగున్నర వేలు అన్నడు. ఇంకో ఆయన గ్రాఫిక్స్ కార్డు అంటాండు. మాఘమాసం ముహూర్తాలు మొదలైతె నాకు 7 పెళ్ళిళ్ళు ఉన్నయ్, సిస్టం కూసుంటే నేను ఆగమే. ఏం మార్చాలె?

మర్శిన, అప్పుడప్పుడు టక్ అని ఒక చిన్న సప్పుడు కూడ వస్తది, గప్పుడు టైంలైన్ (మిక్సింగ్‌ల క్లిప్పులు పేర్చే పట్టీ) ఒక సెకను ఆగి మల్ల నడుస్తది. అది పెద్ద ప్రాబ్లం కాదు, క్లిప్పులు ఎక్కువై గావచ్చు.

సాంచెల_సప్పుడు (సిరిసిల్ల)

తమ్మీ ముందైతే ఒక్క రూపాయి కూడ ఖర్చు పెట్టకు. సప్పుడు ఎక్కడికెల్లి వస్తాందో తెల్వకుంట సామాను మారుస్త పోతె షాపాయన ఇల్లు కట్టుకుంటడు గంతే. మా బాపు నలబై ఏండ్లు సాంచెల (మరమగ్గాల) మీద పనిచేసిండు, షెడ్డుల ఇరవై సాంచెలు నడుస్తాంటె నడుమల నిలబడి ఏ సాంచె తేడా కొడ్తాందో చెప్తడు. అది మంత్రం కాదు, ఒక్కొక్కటి బంద్ చేసి ఇనుకుంట ఇనుకుంట వచ్చిన అలవాటు. నువ్వు గదే చెయ్యాలె.

రేపు పొద్దుగాల సైడ్ కవర్ ముందే తీసి పెట్టుకో. ఆన్ చెయ్యి, సప్పుడు షురూ కాంగనే పాత పేపర్ గొట్టం లెక్క చుట్టి ఒక కొస చెవుకు పెట్టుకొని ఇంకో కొస ఒక్కొక్క ఫ్యాన్ దగ్గర పెట్టు. డాక్టర్ గొట్టం లెక్కనే పనిచేస్తది, నవ్వకు. కొందరు స్క్రూడ్రైవర్ చెవుకు పెట్టుకుంటరు, లోపట కరెంటు నడుస్తాంటె ఇనుప సామాను వద్దు, జారి బోర్డు మీద పడ్డదంటె గప్పుడు నిజంగనే నాలుగున్నర వేలైతది.

గొట్టంతోని డౌట్ తీరకపోతె సిస్టం ఆపి ఒక ఫ్యాన్ వైరు గుంజి మల్ల ఆన్ చెయ్యి. ఎన్క ఫ్యాన్ ఐదు నిమిషాలు తిరగకపోతె ఏం కాదు. ప్రాసెసర్ మీదిది మాత్రం గుంజకు, దాన్ని నడుమల గుండ్రటి బొడ్డు కాడ ఏలుతోని మెల్లగ రెండు సెకండ్లు ఆపితే సాలు, రెక్కల అంచులు పట్టుకోకు. ఎస్‌ఎంపీఎస్ డబ్బ మాత్రం ఇప్పకు, వైరు పీకినంక కూడ దాంట్ల కెపాసిటర్లు ఛార్జ్ పట్టుకొని ఉంటయ్.

నా డౌట్ అయితే ఫ్యాన్ బేరింగే. పొద్దుగాల వచ్చి ఏడెక్కినంక పోయే సప్పుడంటె నూనె కత. గ్రాఫిక్స్ కార్డు అయితే ఎక్స్‌పోర్ట్‌ల, ఏడి మీద ఎక్కువ కావాలె, నీది ఉల్టా ఉన్నది.

ఖని_బొగ్గుబాయి

సాంచెలన్న చెప్పింది కరెక్టే గాని షాపాయన మాట మొత్తం తీసెయ్యకు. మా గోదావరిఖనిల ఫిల్టర్ పదిరోజులకొకసారి దులపకపోతె నల్లగ అట్ట కడ్తది, నా పాత ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ గట్లనే గర్ర్ అని అని ఒకరోజు మొత్తం ఆగింది, తెల్లారి ఎస్‌ఎంపీఎస్ కూడ పోయింది. అందుకే దాని ఎన్క జాలి కాడ కూడ గొట్టం పెట్టి ఇను.

టక్ అనేది యూపీఎస్ అయ్యుంటది. వోల్టేజ్ ఎక్కువ తక్కువైనప్పుడు లోపట రిలే (కరెంటు మార్చే స్విచ్చి) టక్ టక్ అని కొట్టుకుంటది, మా ఇంట్ల రాత్రి మోటర్లు ఆన్ చేసే టైంకు గదే లొల్లి. దాన్ని ఇడిసిపెట్టు.

ఎన్ఐటీ_హాస్టల్_బ్రో

ఆ దోమ సౌండ్ గురించి చెప్తాను, ఎందుకంటే నేను దాని వల్ల ఒక సెమిస్టర్ మొత్తం భయపడ్డాను. అది కాయిల్ వైన్ అన్నా. గ్రాఫిక్స్ కార్డులో, మదర్‌బోర్డులో ప్రాసెసర్ చుట్టూ చిన్న చిన్న డబ్బాల్లా ఉంటాయి కదా, అవి కాయిల్స్, వాటిలో కరెంటు సెకనుకు వేలసార్లు పెరిగి తగ్గుతుంటే తీగ సన్నగా వణుకుతుంది, ఆ వణుకే కీ అని వినిపిస్తుంది. లోడ్ మారితే సౌండ్ కూడా మారుతుంది, మౌస్‌తో స్క్రోల్ చేస్తుంటే కూడా కొందరికి వినిపిస్తుంది. చిరాకే తప్ప డేంజర్ కాదు. గేమ్స్ అయితే ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) లిమిట్ పెడితే తగ్గుతుంది, నీకు ఎక్స్‌పోర్ట్‌లో వస్తుంది కాబట్టి ఇయర్‌ఫోన్స్ పెట్టుకో 😄 కొన్నప్పటి నుంచీ అలాగే ఉంది అంటున్నావు కాబట్టి దాన్ని లిస్టులోంచి తీసేయొచ్చు.

ఫ్యాన్ విషయంలో సిరిసిల్ల అన్న చెప్పింది చేయి. ఒక్కోసారి ఏదైనా వైరు రెక్కకు తగులుతున్నా వస్తుంది కానీ అది టర్ర్ర్ అని పేకముక్క సైకిల్ చువ్వలకు పెట్టినట్టు ఉంటుంది, పైగా పొద్దున మాత్రమే రావాలని రూల్ లేదు.

కాజీపేట_అక్క

అందరు గర్ర్ కాడనే ఆగిన్రు. తమ్ముడు ఆఖర్ల మర్శిన అని ఒకటి రాసిండు, నాకు అది సదవంగనే గుండెల రాయి పడ్డది.

తమ్మీ నేను పెండ్లికి ముందు హైదరాబాద్‌ల డాటా రికవరీ చేసేకాడ రెండేండ్లు పనిచేసిన. రోజు పొద్దుగాల షట్టర్ తియ్యంగనే ఎవరో ఒకరు డిస్క్ పట్టుకొని నిలబడెటోళ్ళు, దాంట్ల సగం మంది ఫోటోగ్రాఫర్లు, మిక్సింగ్ చేసేటోళ్ళే. అందరు చెప్పే మాట ఒకటే, మొన్నటిదాంక మంచిగనే ఉండె మేడం, జర టక్ టక్ అనేది అంతే. పెద్ద సప్పుడు చేసే ఫ్యాన్ పోతె ఆరేడు వందలు. చిన్న సప్పుడు చేసే డిస్క్ పోతె జనాల పెండ్లిళ్ళు పోతయ్.

బొగ్గుబాయి తమ్ముడు చెప్పినట్టు యూపీఎస్ రిలే అయితే టైంలైన్ ఎందుకు ఆగుతది? టక్ అన్నప్పుడే ఆగుతాందంటె రెండిటికి సంబంధం ఉన్నట్టు. డిస్క్ లోపట పళ్ళెం నిమిషానికి 5400నో 7200నో చుట్లు తిరుగుతది, 7200 అంటె సెకనుకు 120 చుట్లు. దాని మీద హెడ్ (డాటా సదివే సన్న మొన) తాకకుంట కొన్ని నానోమీటర్ల ఎత్తుల తేలుకుంట సదువుతది. ఒక జాగ సదవరాకపోతె హెడ్ ఎన్కకు పోయి మల్ల వస్తది, గదే టక్. అది మల్ల మల్ల ట్రై చేసినంతసేపు నీ టైంలైన్ ఆగుతది.

అన్ని టక్‌లు చెడ్డయి కాదు, అది కూడ చెప్త. పని లేనప్పుడు హెడ్ పక్కకు పోయి పండుకునేటప్పుడు మెత్తగ టుక్ అంటది. కొన్ని పెద్ద సైజు డిస్కులైతె ఐదు సెకండ్లకొకసారి గడియారం లెక్క టుక్కుమంటయ్, వాటి గుణమే అంత. అందుకే చెవుతోని తీర్పు చెప్పొద్దు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని డిస్క్ ఆరోగ్యం చూపెట్టే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంటది, డౌన్‌లోడ్ చేసి డాటా డిస్క్ మీద నొక్కి 05, సీ5, సీ6, సీ7 లైన్లల్ల ఆఖరు గడిల ఏమున్నదో ఇక్కడ రాయి. అప్పటిదాంక డీఫ్రాగ్ (ఫైళ్ళు సర్దుడు) చెయ్యకు, చెక్‌డిస్క్ (తప్పులు ఎతికి సరిచేసుడు) చెయ్యకు, దాని మీద కొత్తగ ఏం కాపీ చెయ్యకు.

మిక్సింగ్_పోరడు_హన్మకొండ

అక్కా భయపెట్టినవ్ రాత్రి నిద్ర పట్టలే. చూసిన. పైన పసుపు రంగుల కాషన్ అని ఉన్నది. 05 కాడ 000000000018, సీ5 కాడ 000000000038, సీ6 కూడ 38, సీ7 అన్ని సున్నలే. 38 అంటె తక్కువనే కదా?

ఇగ పొద్దుగాల గొట్టం పెట్టి ఇన్న. ఎన్క ఫ్యానే!! వైరు గుంజంగనే నిశ్శబ్దం, మల్ల పెట్టంగనే గర్ర్. అమ్మ చూసి వీనికి పిచ్చి లేసింది పేపర్ చెవుల పెట్టుకొని డబ్బకు మొక్కుతాండు అన్నది.

కాజీపేట_అక్క

అది 38 కాదు. ఆ సాఫ్ట్‌వేర్ అంకెలు హెక్స్‌ల చూపిస్తది, అంటె 16 లెక్కన. 38 అంటె మూడు పదహార్లు నలబై ఎనిమిది, ఇంకో 8, మొత్తం 56. 05 కాడ 18 అంటె 24. ఫంక్షన్ మెనూల అడ్వాన్స్‌డ్ ఫీచర్ల రా వాల్యూస్ కాడ 10 డీఈసీ అని పెట్టుకుంటె మామూలు అంకెలే కనవడ్తయ్.

అర్థమేందంటె, 24 సెక్టార్లు (డిస్క్ మీద డాటా రాసే చిన్న గడులు) ఇప్పటికే ఖరాబై డిస్క్ వాటి బదులు స్పేర్‌ల ఉన్నయ్ వాడుకున్నది. 56 సదవరాక పెండింగ్‌ల పెట్టింది. అంకె కంటె అది పెరుగుతాందా లేదా అనేది ముఖ్యం. సీ7 సున్నా కాబట్టి డాటా కేబుల్ తప్పు కాదు. కరెంటు సక్కగ అందకపోయినా డిస్క్ ఆగి ఆగి టక్ అంటది, అందుకే సిస్టం ఆపి ఒకసారి పవర్ పిన్ను ఎస్‌ఎంపీఎస్‌కెల్లి వచ్చే వేరే కేబుల్‌కు మార్చి చూడు. పిన్ను మార్చే కన్వర్టర్ పెట్టినవా నడుమల? ఉంటె తీసెయ్, వాటిల కొన్ని కరిగిపోయి కాల్తయ్ కూడ.

దానికంటె ముందు డాటా. కొత్త డిస్క్ ఇయ్యాల్నే తెచ్చుకో. మొత్తం ఒక్కపారి సెలెక్ట్ చేసి పేస్ట్ కొట్టకు, ఒక ఖరాబ్ ఫైల్ కాడ ఇరికి గంటలు గంటలు ఆన్నే గోకుతది, గోకినకొద్ది హెడ్‌కు దెబ్బ. ఇంక డెలివరీ ఇయ్యని పెండ్లిళ్ళు ముందు, ఒక్కొక్క ఫోల్డర్. ఎక్కడన్న ఆగితే క్యాన్సిల్ కొట్టి ఆ ఫైల్ పేరు కాయితం మీద రాసుకొని ముందుకు పో, మిగిలింది ఆఖర్ల చూద్దాం. లైనక్స్ అలవాటుంటె డీడీరెస్క్యూ అని ఉంటది, అది మంచి జాగలన్ని ముందు సదివి ఖరాబ్ జాగలకు తర్వాత వస్తది, అలవాటు లేకపోతె ఇయ్యాల నేర్సుకోకు, డిస్క్ పేరు ఉల్టా కొడ్తె ఉన్నది కూడ పోతది. ఫ్రిజ్‌ల పెట్టుమని ఎవరన్న చెప్తరు, పెట్టకు. ఇప్పి చూస్త అనకు.

ఖని_బొగ్గుబాయి

అక్కా దండం. నేను యూపీఎస్ అని ఇడిసిపెట్టుమన్న, ఆ పోరడు ఇంటె ఏమయ్యేదో. నా డిస్క్ కూడ చూసుకున్న ఇప్పుడే, నీలం రంగు గుడ్ అని ఉన్నది, పాణం కుదుటవడ్డది.

సాంచెల_సప్పుడు (సిరిసిల్ల)

డాటా సంగతి అక్క చూస్కుంటది, నాకు ఆ ఫ్యాన్ గురించి ఒకటి అడగాలనిపిస్తాంది. మూడేండ్లకే గంత గర్ర్ రావద్దు మామూలుగ. తమ్మీ నిజం చెప్పు, దాంట్ల ఏమన్న నూనె ఏసినవా?

మిక్సింగ్_పోరడు_హన్మకొండ

అన్నా ఎట్ల కనుక్కున్నవే 😭 దసరాకు ఆయుధ పూజ అని సిస్టం మొత్తం దులిపిన, ఎన్క ఫ్యాన్ జర సప్పుడు చేస్తాందని మా మామ స్టాండ్ ఫ్యాన్‌కు ఏసినట్టు స్టిక్కర్ లేపి రెండు సుక్కలు కొబ్బరినూనె ఏసిండు. రెండు నెలలు సప్పుడు లేకుంట మంచిగ తిరిగింది, నేను అది మర్శేపోయిన.

సాంచెల_సప్పుడు (సిరిసిల్ల)

హహహ అనుకున్న. మీ అమ్మనడుగు, ఈ చలికి పొద్దుగాల కొబ్బరినూనె సీసాల గడ్డ కట్టి ఉంటాందా లేదా? 24 డిగ్రీలు దాటితేనే అది కరుగుతది. నీ ఫ్యాన్ బేరింగ్‌ల కూడ రాత్రి గదే గడ్డ. పొద్దుగాల ఆన్ చేసినంక సీపీయూ లోపటికెల్లి ఏడి గాలి ఎన్క ఫ్యాన్‌లకెల్లే పోతది కదా, పావుగంటల నూనె కరిగి సప్పుడు బందు. మద్యాన్నం రూమే ఏడిగుంటది కాబట్టి రాదు. దసరాకు ఏసినవు, అప్పుడు చలి లేదు, అందుకే రెండు నెలలు మంచిగున్నది. షాపుకు పదకొండింటికి తీస్కపోతివి, అది అక్కడ ఎందుకు మొరుగుతది?

నూనె ఎయ్యాల్సి వస్తె కుట్టుమిషన్ నూనె ఒక్క సుక్క, అది కూడ కొన్ని రోజులు నెట్టుకొచ్చెటందుకే. బేరింగ్ ఇప్పటికే అరిగి ఉంటది, 120 ఎంఎం ఫ్యాన్ కొత్తది తెచ్చి నాలుగు స్క్రూలు బిగించు. బొమ్మ చూసుకో, ఫ్యాన్ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటది గాలి ఎటు పోతదో, ఎన్కది బయటికి కొట్టాలె. మామకు చెప్పు కొబ్బరినూనె తలకాయకే పెట్టుకొమ్మని.

ఎన్ఐటీ_హాస్టల్_బ్రో

కొబ్బరి నూనె మెల్టింగ్ పాయింట్‌తో పీసీ డయాగ్నోస్ చేయడం నా లైఫ్‌లో మొదటిసారి చూస్తున్నా 🙏

మిక్సింగ్_పోరడు_హన్మకొండ

అప్‌డేట్: నాలుగు రోజులైంది, జర లేట్ అయింది ఏమనుకోకుర్రి.

పవర్ పిన్ను వేరే కేబుల్‌కు మార్చిన (కన్వర్టర్ లేదు), అయినా టక్ పోలే. కాపీ షురూ చేసేటప్పుడు సీ5 56 ఉండె, మూడో రోజుకు 112 అయింది అక్కా. కొత్త డిస్క్ మీదికి ఫోల్డర్ ఫోల్డర్ అక్క చెప్పినట్టే ఏసిన, ఇయ్యల్సిన పెండ్లిళ్ళు నాలుగు మొదటి రోజే దిగినయ్. మొత్తంల మూడు ఫైళ్ళు రాలే. రెండు పాతయ్, ఎప్పుడో డెలివరీ ఇచ్చినయే. మూడోది మాత్రం పర్కాల పెండ్లి, ఎదుర్కోళ్ళ క్లిప్, 11 నిమిషాలది, పిల్ల తాత ఆడింది ఆ ఒక్కదాంట్లనే ఉన్నది, ఆ ముసలాయన పెండ్లి అయినంక వారానికి పోయిండు. నాకు కాళ్ళు చేతులు ఆడలే. కెమెరామన్‌కు ఫోన్ చేస్తె కార్డు ఫార్మాట్ కొట్టిన గావచ్చు అన్నడు, మల్ల ఒక గంటకు ఫోన్ చేసి ఆ రోజు రెండు కార్డులు వాడినం, రెండోది బ్యాగు జేబుల గట్లనే ఉన్నదన్నడు. రాత్రికి రాత్రి బండేసుకొని పోయి తెచ్చిన. ఉన్నది. రెండు జాగలల్ల కాపీ పెట్టిన, ఇంకోటి మా చెల్లె లాప్‌టాప్‌ల.

ఫ్యాన్ 650 పెట్టి మార్చిన, బాణం చూసే పెట్టిన. పాతది తీస్తె స్టిక్కర్ కింద మైనం లెక్క తెల్లగ పేరుకొని ఉన్నది, అన్న చెప్పినట్టే. పొద్దుగాల ఆన్ చేస్తె ఇప్పుడు అమ్మ ఆన్ అయిందారా లేదారా అని అడుగుతాంది. ఎస్‌ఎంపీఎస్ పాతదే.

ఈ పాత డిస్క్ ఏం చేయమంటరు? పారేయాల్నా?

కాజీపేట_అక్క

పారేయకు. 56 నుంచి 112కు మూడు రోజులల్ల పోయిందంటె ఇగ దాని మీద ఆశ లేదు గాని వారంటీ ఉంటదేమో చూడు, డిస్క్ మీది సీరియల్ నంబర్ కంపెనీ సైట్‌ల కొడ్తె ఎప్పటిదాంక ఉన్నదో తేదీ చూపిస్తది. ఇచ్చే ముందు మాత్రం లోపట ఉన్నదంత తుడువు, క్విక్ ఫార్మాట్ కాదు, మొత్తం. జనాల ఇండ్లల్ల ఆడపిల్లల వీడియోలు ఉంటయ్ దాంట్ల. తుడవరాకుంట మొరాయిస్తె వారంటీ ఆశ ఇడిసిపెట్టి పళ్ళెం పగలగొట్టుడే మంచిది.

మిక్సింగ్_పోరడు_హన్మకొండ

చూసిన అక్కా, ఇంక 40 రోజులున్నది వారంటీ. ఫుల్ ఫార్మాట్ పెట్టిన, 31 శాతం కాడ ఉన్నది, టక్ టక్ అంటనే ఉన్నది.